పసుపు, పట్టుచీర, ఎల్‌ఈడీ వాల్: పెళ్లి ఫోటోల కలర్ ఏ వరసలో సరిచేయాలి?

గోదారిగట్టు:

అందరికీ నమస్కారం. ఒక పెళ్లి ఎడిటింగ్ మొదలుపెట్టి కలర్ దగ్గర ఆగిపోయాను.

రెండు కెమెరాలు, వేర్వేరు కంపెనీలవి, రెండూ 24 మెగాపిక్సెల్. అన్నీ రా ఫైళ్లే (కెమెరా ప్రాసెస్ చేయని అసలు ఫైళ్లు), 3,800 ఫ్రేముల దాకా ఉన్నాయి. తెల్లవారుజామున ముహూర్తం, ఫంక్షన్ హాల్లో పెళ్లి. మండపం పైన వార్మ్ బల్బులు, ఎదురుగా వీడియోవాళ్ల ఎల్‌ఈడీ ప్యానెళ్లు, వెనక ఎల్‌ఈడీ వాల్. కొన్ని ఫ్రేముల్లో ఫ్లాష్ ఉంది, కొన్నింట్లో లేదు. ఐఎస్‌ఓ 2000 నుంచి 6400 వరకు.

జీలకర్ర బెల్లం ఫోటోల్లో పెళ్లికూతురి ముఖం బాగా పసుపుపచ్చగా వస్తోంది. అది తగ్గిస్తే మధుపర్కాల తెలుపు నీలంగా మారిపోతోంది. కొన్న ప్రీసెట్ (రెడీమేడ్ ఎడిట్ సెట్టింగులు) వేస్తే ఎర్ర పట్టుచీర ముద్దయిపోయి జరీ కనబడటం లేదు. రిసెప్షన్‌లో ఊదా, నీలం పార్ లైట్లు (స్టేజ్ రంగు లైట్లు) సరిగ్గా ముఖాల మీదే పడ్డాయి. పైగా ల్యాబ్ నుంచి వచ్చిన టెస్ట్ ప్రింట్ స్క్రీన్ మీద చూసినదానికన్నా బాగా ముదురుగా ఉంది. లైట్‌రూమ్ క్లాసిక్, ఫోటోషాప్ రెండూ ఉన్నాయి. ఏది ముందు, ఏది తర్వాత చేయాలో చెప్పగలరా?

కెల్విన్5200:

గోదారిగట్టు గారూ, ముందు ఆ ప్రీసెట్ తీసేసి అన్నీ రీసెట్ చేయండి. మన మండపంలో పసుపు నాలుగు రకాలుగా ఉంటుంది: ఒంటికి రాసిన పసుపు, బంగారం, బంతిపూలు, పైన బల్బుల వెలుతురు. ప్రీసెట్‌కి ఈ నాలుగూ ఒకటే. పోవాల్సింది బల్బు పసుపు ఒక్కటే. బంగారం బంగారంలాగే మెరవాలి. చెంపల మీద పసుపు కొంచెం తెలియాలి కూడా, ఎందుకంటే ఆ అమ్మాయి ముఖానికి ఆ రోజు నిజంగానే పసుపు ఉంది. దాన్ని పూర్తిగా తుడిచేస్తే పెళ్లికళ పోతుంది.

అన్నింటికన్నా ముందు రెండు కెమెరాల గడియారాలు కలపండి. రెండింట్లోనూ దొరికే ఒక క్షణం కావాలి. అడ్డుతెర దించిన క్షణం అయితే వెతకడం సులువు. లైబ్రరీలో రెండో కెమెరా ఫ్రేములన్నీ సెలెక్ట్ చేసి, ఆ సెలెక్షన్ పోకుండా తెర దించిన ఫ్రేమ్ మీద క్లిక్ చేసి, ఎడిట్ క్యాప్చర్ టైమ్‌లో మొదటి కెమెరా చూపించే సమయం ఇవ్వండి. మిగతావన్నీ అంతే తేడాతో జరుగుతాయి. ఇది చేయకపోతే మూడు ముళ్లు పడ్డాక కన్యాదానం వస్తుంది, ఆల్బమ్ డిజైన్‌లో క్రమం మొత్తం తప్పుతుంది.

తర్వాత ప్రొఫైల్, అంటే రా ఫైల్ రంగుల్ని ఎలా చూపించాలో చెప్పే సెట్టింగ్. రెండు కంపెనీల కెమెరాలని ఎవరి స్టాండర్డ్ ప్రొఫైల్‌లో వాళ్లని వదిలేస్తే ఎరుపులు కలవవు. రెండింటికీ అడోబ్ కలర్ పెట్టండి. ఎర్ర పట్టు ఫ్రేమ్ నిండా ఉన్న ఫోటోలకి అడోబ్ న్యూట్రల్ పెడితే తర్వాత పని సగం తగ్గుతుంది. వివిడ్ జోలికి మాత్రం వెళ్లకండి.

ఇప్పుడు ఫోటోలని గుంపులు చేయాలి. చాలామంది తంతు ప్రకారం చేస్తారు: గౌరీపూజ, జీలకర్ర బెల్లం, తలంబ్రాలు అని. కలర్‌కి అది పనికిరాదు. వెలుతురు ప్రకారం విడదీయండి. గౌరీపూజ గదిలో ట్యూబ్‌లైట్ ఒక గుంపు, మండపంలో ఫ్లాష్ ఉన్నవి ఒకటి, ఫ్లాష్ లేనివి ఒకటి, హోమం ఒకటి, తెల్లారాక బయట అప్పగింతలు ఒకటి. లైబ్రరీ ఫిల్టర్‌లో మెటాడేటా కాలమ్‌ని ఫ్లాష్ స్టేట్‌కి మారిస్తే ఫ్లాష్ పడినవి, పడనివి వాటంతటవే విడిపోతాయి.

ఇక వైట్ బ్యాలెన్స్, అంటే తెలుపు తెల్లగా కనబడేలా రంగు సరిచేయడం. ఆటోలో తీసుంటే కెమెరా ఫ్రేమ్ నిండా పసుపు చూసి ప్రతిసారీ నీలానికి లాగుతుంది. దగ్గరగా ముఖం ఉన్న ఫ్రేమ్‌లో ఒక నంబరు, మండపం మొత్తం ఉన్న ఫ్రేమ్‌లో ఇంకో నంబరు వస్తుంది. అందుకే ఒక్కో గుంపుకి ఒక్క కెల్విన్ నంబరు (వెలుతురు రంగు కొలత) ఖాయం చేసి సింక్ చేయండి. ఫ్లాష్ ఉన్నవాటికి 5000 నుంచి 5400 మధ్య, వార్మ్ బల్బులు, వీడియో ప్యానెల్ కలిసిన ఫ్రేములకి 3800 నుంచి 4300 మధ్య వెతకడం మొదలుపెట్టండి.

మధుపర్కం తెల్లగా ఉంది కదా అని ఎక్కడపడితే అక్కడ డ్రాపర్ పెట్టకూడదు. అంచులకి పసుపు అద్ది ఉంటుంది, అక్కడ క్లిక్ చేస్తే ఫోటో మొత్తం నీలం అవుతుంది. నీలిమందు పెట్టిన పంచె మీద క్లిక్ చేస్తే ఉల్టా, ఫోటో పచ్చబడుతుంది. హాఫ్‌వైట్ పట్టుపంచె అసలు తెలుపే కాదు. కెమెరా వైపు తిరిగిన మడత, పసుపు అంటని చోటు, మూడు రంగుల విలువలూ 60 నుంచి 85 శాతం మధ్య ఉన్న చోటు ఎంచుకోండి. 95 దాటిన చోట ఒక ఛానల్ (ఎరుపు, ఆకుపచ్చ, నీలంలో ఒకటి) అప్పటికే తెగిపోయి, అంటే వివరం పోయి ఉండొచ్చు, అక్కడ వచ్చే నంబరు నమ్మకూడదు. నాలుగైదు ఫ్రేముల్లో చూసి మధ్యస్థంగా ఒకటి తీసుకుని, దానికి ఇంకో 200 కెల్విన్ కలపండి. మండపం వెలుతురు కాస్త వెచ్చగా ఉండాలి, లేకపోతే ఆసుపత్రి గదిలా కనబడుతుంది.

మీ మధుపర్కాలు నీలం కావడానికి కారణం ఇదీ: ముఖం పసుపుని మొత్తం ఫోటో టెంపరేచర్‌తో (అదే కెల్విన్ స్లైడర్) తగ్గించారు. బట్టకి సరైన నంబరు పెట్టి దాన్ని ఇక ముట్టుకోకండి. ముఖాన్ని విడిగా మాస్క్‌లో, అంటే ఆ భాగం మాత్రమే ఎంచుకుని చేయండి. సెలెక్ట్ పీపుల్‌లో ఫేస్ స్కిన్, బాడీ స్కిన్ రెండూ టిక్ చేసి ఒకే మాస్క్‌గా తీసుకోండి. టెంప్ మైనస్ 4 నుంచి 8, టింట్ ప్లస్ 2 నుంచి 5, శాచురేషన్ మైనస్ 6 దగ్గర ఆగండి. కర్సర్ చెంప మీద పెట్టి హిస్టోగ్రామ్ కింద నంబర్లు చూడండి. ఎరుపు ఎక్కువ, ఆకుపచ్చ మధ్యలో, నీలం తక్కువ ఉండాలి. పసుపు నీలి కాంతిని మింగేస్తుంది కాబట్టి పసుపు రాసిన ముఖంలో నీలం అడుగంటుతుంది. నీలం విలువ ఎరుపులో సగానికన్నా తగ్గిందంటే ముఖం ఇంకా పచ్చగా ఉన్నట్టే. ఆ సగం దాటగానే ఆపేయండి.

ఈ మాస్క్‌లోకి బాసికం, ముక్కుపుడక, పాపిటబిళ్ల కూడా దూరుతాయి. సబ్‌ట్రాక్ట్‌లో కలర్ రేంజ్ తీసుకుని బంగారం మీద క్లిక్ చేసి తీసేయండి. లేకపోతే ముఖంతోపాటు నగ కూడా వెలిసి ఇత్తడిలా కనబడుతుంది.

ఎర్ర పట్టు ముద్దకావడం అంటే ఎరుపు ఛానల్ నిండిపోయిందన్నమాట. నిండిపోయాక జరీ గీతకీ నేతకీ తేడా చూపించడానికి అందులో చోటు ఉండదు. డెవలప్‌లో ఎస్ నొక్కి సాఫ్ట్ ప్రూఫ్ (ప్రింట్‌లో రంగు ఎలా వస్తుందో చూపించేది) పెట్టి, ప్రొఫైల్ ఎస్‌ఆర్‌జీబీ (ల్యాబ్‌కి పంపే ఫైళ్ల రంగుల పరిధి) ఇవ్వండి. మామూలు హిస్టోగ్రామ్‌లో బాగున్నట్టు కనిపించే చీర అక్కడ తెగిపోయి కనిపిస్తుంది. మొత్తం ఎక్స్‌పోజర్ 0.3 తగ్గించండి, కలర్ మిక్సర్‌లో రెడ్ శాచురేషన్ మైనస్ 12 నుంచి 20, రెడ్ లూమినెన్స్ మైనస్ 5. రాణీ రంగు చీరైతే మెజెంటా కూడా అంతే. పోయిన వెలుతురుని ముఖం మాస్క్‌లో ప్లస్ 0.3 ఇచ్చి తిరిగి తెచ్చుకోండి. చీరకి విడిగా క్లోత్స్ మాస్క్ వేసి టెక్స్చర్ ప్లస్ 15 ఇస్తే జరీ విడివిడిగా తేలుతుంది. క్లారిటీ వద్దు, అది మడతల్లో నలుపు పోస్తుంది.

మండపం లైట్స్:

వైట్ బ్యాలెన్స్ గురించి పై రిప్లయ్‌లో ఉన్నది సరిపోతుంది. నేను ఎల్‌ఈడీ వరకు చెప్తాను, అది వేరే జబ్బు.

పార్ లైటు నీలం ముఖం మీద పడినప్పుడు సమాచారమంతా దాదాపు ఒక్క నీలం ఛానల్‌లోనే ఉంటుంది. ఎరుపు, ఆకుపచ్చ దాదాపు ఖాళీ. లేని రంగుని టెంపరేచర్ స్లైడర్ పుట్టించలేదు, 50,000 దాకా లాగినా ముఖం బూడిద రంగులోకి వెళ్తుందే తప్ప చర్మం రాదు. కాబట్టి ముందు సెలక్షన్ దగ్గరే గెలవాలి. ఈ లైట్లు తిరుగుతుంటాయి, రెండు మూడు సెకన్ల తేడాలో ముఖం మీద తెల్ల ప్యానెల్ వెలుతురు మాత్రమే ఉన్న ఫ్రేమ్ పక్కనే దొరికే అవకాశం ఎక్కువ. నవ్వు కాస్త తక్కువున్నా ఆ ఫ్రేమే తీసుకోండి.

తప్పనిసరి ఫ్రేమ్ అయితే ఇలా చేయండి. కాలిబ్రేషన్‌లో బ్లూ ప్రైమరీ శాచురేషన్‌ని మైనస్ 40 నుంచి 60 దాకా దించండి. కళ్లలో పొడిచే నియాన్ నీలం మామూలు నీలంగా దిగుతుంది, పొరలు పొరలుగా తెగిన అంచులు కూడా మెత్తబడతాయి. తర్వాత ముఖం మాస్క్‌లో శాచురేషన్ మైనస్ 30, టెంప్ ప్లస్ 15 నుంచి 25, ఊదా ఎక్కువుంటే టింట్ మైనస్ 10 నుంచి 15. జుట్టు అంచు మీద, భుజం మీద పడిన ఊదాని మాత్రం వదిలేయండి. స్టేజ్ వెలుతురు అని చూసేవాళ్లకి అర్థం అవుతుంది. మొత్తం తుడిచేస్తే ముఖం కత్తిరించి అతికించినట్టు ఉంటుంది. పసుపు ఇంకా పూర్తిగా పోని చెంప మీద నీలం లైటు పడితే ఆకుపచ్చ మొగ్గు వస్తుంది. అక్కడ పాయింట్ కలర్‌తో ఆ ఒక్క ఆకుపచ్చనే ఎంచుకుని శాచురేషన్ తగ్గించండి.

వెనక ఎల్‌ఈడీ వాల్ ఉన్న ఫ్రేముల్లో రెండు తప్పులు వస్తాయి. ఒకటి మోయిరే, అంటే గోడ మీద అలలు అలలుగా రంగు గీతలు. సెలెక్ట్ బ్యాక్‌గ్రౌండ్ తీసుకుని ఆ మాస్క్‌లో మోయిరే ప్లస్ 40 నుంచి 60, టెక్స్చర్ మైనస్ 30 ఇవ్వండి. రెండోది అడ్డపట్టీలు. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి చవక ఎల్‌ఈడీ లైట్లు సెకనుకి 100 సార్లు మిణుకుతాయి. షట్టర్ 1/50 లేదా 1/100 సెకను అయితే ఇబ్బంది తక్కువ, 1/250లో ఎలక్ట్రానిక్ షట్టర్‌తో తీస్తే ఫ్రేమ్ అడ్డంగా చీకటి, వెలుతురు పట్టీలు పడతాయి. ఎల్‌ఈడీ వాల్ మిణుకుడు దాని సొంత లెక్కలో నడుస్తుంది, దానికి ఈ 1/50 సూత్రం కూడా గ్యారంటీ కాదు.

పట్టీ ముఖానికి బయట ఉంటే లీనియర్ గ్రేడియంట్ రెండు ఎదురెదురుగా ఇంటర్‌సెక్ట్ చేసి ఆ పట్టీ వెడల్పుకి సరిపెట్టి ఎక్స్‌పోజర్ 0.3, 0.4 పెంచండి. పట్టీ సరిగ్గా కళ్ల మీదుగా పోతే ఆ ఫ్రేమ్ మీద సమయం పెట్టకండి, పక్క ఫ్రేమ్ తీసుకోండి.

గోదారిగట్టు:

ఇద్దరికీ చాలా థాంక్స్. జీలకర్ర బెల్లం సెట్ మీద చేసి చూశాను, మధుపర్కం మడత మీద 3950 వచ్చింది, 4150 పెట్టాను. ముఖం, బట్ట రెండూ కుదిరాయి.

ఇంకొన్ని సందేహాలు. డినాయిజ్ (చుక్కలు చుక్కలుగా వచ్చే నాయిజ్ తీసేది) ముందు వేయాలా, చివర్లోనా? మేకప్ వల్ల ముఖం ఒక రంగు, చేతులు ఒక రంగు ఉన్నాయి. పైగా ఇంట్లోవాళ్లు అమ్మాయిని ఇంకాస్త తెల్లగా చేయమంటున్నారు. నుదుటి మీద చెమట మెరుపు చాలా ఫ్రేముల్లో ఉంది. తలంబ్రాల ఫోటోల్లో గింజలు ముఖం నిండా ఉన్నాయి, తీసేయాలా?

మిడ్‌టోన్:

డినాయిజ్ ముందే. సెలక్షన్ పూర్తయ్యాక, మాస్కులు వేయకముందు. ఏఐ మాస్కులూ హీలింగూ వేశాక డినాయిజ్ చేస్తే అవి కొత్త పిక్సెళ్ల మీద మళ్లీ లెక్కవేయించుకోవాలి, కొన్ని అంచులు జరుగుతాయి. 3,800 ఫ్రేములకీ వేయకండి. ఆల్బమ్‌కి వెళ్లేవాటిలో ఐఎస్‌ఓ 2500 దాటినవాటికి చాలు. అమౌంట్ 50 దగ్గర ఉంటుంది, దాన్ని 30కి దించండి. 50లో చర్మం మైనంలా అవుతుంది, మల్లెపూల జడలో రేకులు కలిసిపోయి తెల్ల ముద్దవుతుంది. జడని 100 శాతం జూమ్‌లో చూసి నంబరు ఖాయం చేయండి. రేకుకీ రేకుకీ మధ్య నీడ గీత కనబడుతున్నంతవరకు సరే.

ఇక తెల్లగా చేయడం గురించి. అందరూ కలర్ మిక్సర్‌లో ఆరెంజ్ లూమినెన్స్ ప్లస్ 20, 30 లాగేస్తారు. చర్మం ఆరెంజ్‌లో ఉంటుంది, బంగారంలో సగం కూడా అక్కడే ఉంటుంది. చర్మం పాలిపోతుంది, హారం వెలిసిపోతుంది, పెదవుల చుట్టూ బూడిద అంచు వస్తుంది. పక్కన నిలబడ్డ తల్లిదండ్రులు కూడా వాళ్లు కాకుండా పోతారు. ఆల్బమ్ ముప్పై నలభై ఏళ్లు ఉండే వస్తువు. అమ్మాయి అందులో తనలాగే ఉండాలి. ఇంట్లోవాళ్లు తెల్లగా అన్నప్పుడు చాలాసార్లు వాళ్లకి కావాల్సింది వెలుతురే, రంగు కాదు. ముఖం మాస్క్‌లో ఎక్స్‌పోజర్ ప్లస్ 0.25, షాడోస్ ప్లస్ 15 ఇచ్చి, కళ్ల కింద నీడ తేల్చి ఒక ఫ్రేమ్ చూపించండి. అంతకుమించి అడగరు. ఆరెంజ్ లూమినెన్స్ కావాలనుకుంటే ప్లస్ 5, అదే హద్దు.

ముఖం, చేతుల తేడాకి ముఖాన్ని చేతుల వైపు తీసుకురండి, చేతులని ముఖం వైపు కాదు. చేతులు పెద్ద భాగం, పైగా గోరింటాకు ఉంటుంది. చేతులు తేల్చితే గోరింటాకు ఎరుపు నారింజలోకి పోతుంది. మాస్క్‌లో బాడీ స్కిన్‌ని అలాగే ఉంచి ఫేస్ స్కిన్‌కి ఎక్స్‌పోజర్ మైనస్ 0.1 ఇవ్వండి, ఆ రెండూ మెడ దగ్గర కలుస్తాయి. మెడ గీత దగ్గర తేడా కనబడకపోతే పని అయిపోయినట్టే.

చెమట మెరుపుకి ఫోటోషాప్. మెరుపు పక్కన చర్మం రంగుని ఐడ్రాపర్‌తో తీసుకుని, కొత్త ఖాళీ లేయర్ మోడ్ డార్కెన్ పెట్టి, మెత్తటి బ్రష్ ఒపాసిటీ 15 శాతంతో రెండు మూడు సార్లు తాకించండి. డార్కెన్ కాబట్టి తెల్లగా ఉన్న చోటే రంగు పడుతుంది, చర్మం రంధ్రాలు అలాగే ఉంటాయి. లేయర్ ఒపాసిటీ 60కి దించితే కొంచెం మెరుపు మిగులుతుంది, అది ఉండాలి. కల్యాణ తిలకం, బుగ్గచుక్క అంచులకి బ్రష్ తగలనివ్వకండి. కాటుకతో పెట్టిన బుగ్గచుక్కని మచ్చ అనుకుని హీలింగ్‌తో తీసేసిన ఫోటోలు బయట చాలా కనబడతాయి. ఆటో రీటచ్ సాఫ్ట్‌వేర్లు కూడా అదే పని చేస్తాయి. బ్యాచ్ వేశాక ప్రతి క్లోజప్‌లో బుగ్గ ఒకసారి చూసుకోండి.

ఫ్రీక్వెన్సీ సెపరేషన్ (చర్మం రంగునీ, రంధ్రాల వివరాన్నీ రెండు లేయర్లుగా విడదీయడం) వందల ఫోటోలకి వద్దు, కవర్ ఫోటోకీ రెండు మూడు పెద్ద క్లోజప్‌లకీ చాలు. రెండు కాపీ లేయర్లు తీయండి. కిందిదానికి గాసియన్ బ్లర్, 24 మెగాపిక్సెల్‌లో ముఖం సగం ఫ్రేమ్ ఉంటే రేడియస్ 8 నుంచి 10. పైదానికి అప్లై ఇమేజ్. 16 బిట్ ఫైలైతే యాడ్, ఇన్వర్ట్ టిక్, స్కేల్ 2, ఆఫ్‌సెట్ 0. 8 బిట్ అయితే సబ్‌ట్రాక్ట్, స్కేల్ 2, ఆఫ్‌సెట్ 128. ఆ లేయర్ మోడ్ లీనియర్ లైట్. ఇక్కడ ఫోటో మళ్లీ అసలుదానిలాగే కనబడాలి. కనబడకపోతే బిట్ లెక్క తారుమారైంది. కింది లేయర్‌లో మచ్చలుగా ఉన్న చోటు లాసోతో, ఫెదర్ 15తో తీసుకుని కొద్దిగా బ్లర్ చేయండి. మేకప్ సరిగా కలవని దవడ అంచు అక్కడ బాగా కలుస్తుంది.

తలంబ్రాల గింజలు తీసేస్తే అది తలంబ్రాల ఫోటోయే కాదు. కంటిపాప మీద, ముక్కు కొన మీద, పళ్ల మీద పడినవి మాత్రం తీయండి. గాల్లో ఉన్నవి, తలలో ఇరుక్కున్నవి, బాసికం మీద ఆగినవి ఉండనివ్వండి. కంటి మీది గింజకి రిమూవ్ టూల్ వాడితే కనురెప్ప వెంట్రుకలు కొత్తగా పుట్టించి వంకర చేస్తుంది. క్లోన్ స్టాంప్ 8 పిక్సెళ్ల బ్రష్‌తో, రెండో కన్ను నుంచో పక్క ఫ్రేమ్ నుంచో తీసుకోండి.

గ్రూప్ ఫోటోల్లో కళ్లు మూసుకున్నవాళ్లకి ఒక మాట. పక్క ఫ్రేమ్‌ని పై లేయర్‌గా తెచ్చి, రెండూ సెలెక్ట్ చేసి ఆటో అలైన్ వేసి, పైదానికి నల్ల మాస్క్ పెట్టి ఆ తల వరకే తెల్ల బ్రష్‌తో తెరవండి. కళ్లు మాత్రమే మార్చకండి, తల మొత్తం మెడ దాకా మార్చండి. తల కోణం కొంచెం తేడా ఉన్నా కళ్లు మాత్రం మారిస్తే చూపు వేరేవైపు పోతుంది.

కృష్ణలంక కెమెరా:

మిడ్‌టోన్ అన్న చెప్పినవాటిలో ఒకటి కలుపుతాను, హోమం పొగ. పొగ ఉందని డీహేజ్ ప్లస్ 30 మొత్తం ఫోటోకి వేస్తారు. ముఖం మీద పొగ పలచగా, వెనక చిక్కగా ఉంటుంది. మొత్తానికి వేస్తే ముఖం నల్లబడి మచ్చలు లేస్తాయి, వెనక మాత్రం పొగ అలాగే ఉంటుంది. సెలెక్ట్ బ్యాక్‌గ్రౌండ్‌కి ప్లస్ 15, మనుషులకి ప్లస్ 5. డీహేజ్ రంగుని చిక్కబరుస్తుంది కాబట్టి ఆ మాస్క్‌లోనే శాచురేషన్ మైనస్ 6 ఇవ్వండి. నిప్పుకి ఎదురుగా కూర్చున్న ముఖాల మీద నారింజ వెలుతురు ఉంటే దాన్ని సరిచేయకండి. ఆ వెలుతురు హోమానిదే, అది పోతే ఫోటోలో హోమం లేనట్టే. నిప్పు మంట తెల్లగా తెగిపోయి ఉంటే హైలైట్స్ మైనస్ 60 ఆ మంట మీద మాత్రం.

షీట్ 12×36:

ల్యాబ్ వైపు నుంచి చెప్తాను. ప్రింట్ ముదురుగా రావడానికి పదికి తొమ్మిదిసార్లు కారణం మానిటరే. కొన్న రోజున్న బ్రైట్‌నెస్ 250 నిట్స్ (స్క్రీన్ వెలుతురు కొలత) పైన ఉంటుంది, ఆ వెలుతురులో బాగున్న ఫోటో కాగితం మీద ఒక స్టాప్ దాకా, అంటే వెలుతురు సగమైనట్టు, ముదురుగా కనబడుతుంది. కాలిబ్రేటర్ ఉంటే 100 నుంచి 120 నిట్స్, డీ65, గామా 2.2 పెట్టండి. లేకపోతే ల్యాబ్ ఇచ్చిన ఆ టెస్ట్ ప్రింట్‌నే వాడుకోండి. దాన్ని కిటికీ వెలుతురులో స్క్రీన్ పక్కన పట్టుకుని రెండూ ఒకేలా కనబడేదాకా మానిటర్ బ్రైట్‌నెస్ తగ్గించండి. ఎడిట్ చేసిన ఫైళ్లని గుడ్డిగా 0.5 పెంచి పంపకండి, ముఖం తేలుతుంది గానీ మధుపర్కం తెలుపు కాగితం తెలుపులో కలిసిపోతుంది.

ఫైళ్లు ఎస్‌ఆర్‌జీబీలో, ప్రొఫైల్ ఎంబెడ్ చేసి పంపండి. అడోబ్ ఆర్‌జీబీలో పంపితే, మెషీన్ దాన్ని ఎస్‌ఆర్‌జీబీ అనుకుని చదివితే, ఎర్ర పట్టు ఇటుక రంగులో వస్తుంది. ల్యాబ్ కలర్ కరెక్షన్ చేయాలా వద్దా ఆర్డర్‌లోనే రాయండి. మీరు చేసినదాని మీద ఆపరేటర్ మళ్లీ ఆటో వేస్తే మీరు పడ్డ కష్టమంతా పోతుంది, ముఖ్యంగా పసుపు ఫ్రేముల్లో.

12×36 షీట్ అంటే 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) 10,800 బై 3,600 పిక్సెళ్లు. మడత సరిగ్గా 5,400 దగ్గర. ఆ గీతకి రెండు వైపులా అర అంగుళం, అంటే 150 పిక్సెళ్లలో ముఖం పడకూడదు. తాళి కడుతున్న చేతులు కూడా అక్కడ పడకూడదు, ఈ తప్పు ఎక్కువ జరుగుతుంది. ఫోటో మధ్యలో ముడి ఉంటుంది, షీట్ మధ్యలో మడత ఉంటుంది, రెండూ ఒకదాని మీద ఒకటి పడతాయి. ఫోటోని ఒక పక్కకి జరిపి అవతల పక్క అక్షింతలు వేస్తున్న చేతులు రానివ్వండి. బయటి అంచుల్లో కటింగ్‌కి 38 పిక్సెళ్లు పోతాయని లెక్కేసుకోండి. అక్కడ పేర్లు, బార్డర్ గీతలు పెట్టకండి, కటింగ్ ఒక వెంట్రుక జరిగినా బార్డర్ ఒకవైపు సన్నగా, ఒకవైపు లావుగా కనబడుతుంది.

ఇంకో లెక్క. 24 మెగాపిక్సెల్ ఫోటో 6,000 బై 4,000. దాన్ని షీట్ మొత్తం పరిస్తే నిష్పత్తి 3:1 కాబట్టి ఎత్తులో సగం కోసేయాలి, మిగిలేది 6,000 బై 2,000. నిలబడ్డ జంటని అలా పరిస్తే నడుము దగ్గర తెగుతుంది. మొత్తం పరచడానికి మండపం వైడ్, పంక్తి భోజనాలు, ఎదుర్కోలు లాంటివే పనికొస్తాయి. అప్పుడు వచ్చేది దాదాపు 167 డీపీఐ, చేతిలో పట్టుకుని చూసే ఆల్బమ్‌కి అది సరిపోతుంది. ఇప్పటికే కోసిన ఫోటోని మళ్లీ పరచకండి.

కాగితం కూడా ముందే తేల్చుకోండి. మెటాలిక్ మీద జరీ, నగ బాగా మెరుస్తాయి గానీ పసుపు ముఖం ఇంకాస్త పచ్చగా అనిపిస్తుంది. వెల్వెట్, మ్యాట్ మీద నీడలు మూసుకుపోతాయి. పెళ్లికొడుకు నల్ల సూటు ఉన్న రిసెప్షన్ షీట్లకి బ్లాక్స్ ప్లస్ 8 ఇచ్చి పంపండి. ముందు ఒక 12×18 షీట్ మీద నాలుగు ఫోటోలు, పసుపు ముఖం, ఎర్ర పట్టు, నల్ల సూటు, తెల్ల మధుపర్కం పెట్టి అసలు ఏ కాగితం మీద ఆల్బమ్ వేస్తారో దాని మీదే టెస్ట్ తీయించండి. 60 షీట్లు ప్రింట్ అయ్యాక చేసేదేమీ లేదు.

గోదారిగట్టు:

మానిటర్ బ్రైట్‌నెస్ 80 శాతంలో ఉంది. టెస్ట్ ప్రింట్ పక్కన పెట్టి తగ్గిస్తూ పోతే 32 దగ్గర రెండూ కలిశాయి. కారణం అదే. ఆఖరు ప్రశ్న: పట్టీలు పడి రంగు చెడిన మూడు నాలుగు ఫ్రేములు బ్లాక్ అండ్ వైట్ చేసి వాడుకోవచ్చా? వాటిలో ఒకటి మంగళసూత్రధారణ.

మండపం లైట్స్:

రంగు పట్టీలైతే బ్లాక్ అండ్ వైట్‌లో కనబడకుండా పోతాయి, వెలుతురు పట్టీలైతే పోవు. ముందు అది చూసుకోండి. అప్పగింతల్లో కన్నీళ్లు, నాన్న చేతులు లాంటివి చేయండి, బాగుంటాయి. మిక్సర్‌లో ఎరుపు, ఆరెంజ్ ప్లస్ 10 పెడితే ముఖం తేలుతుంది.

మంగళసూత్రధారణ మాత్రం వద్దు. సూత్రానికి రాసిన పసుపు, నుదుటి కుంకుమ కనబడని ఫోటోని ఇంట్లో పెద్దవాళ్లు ఒప్పుకోరు, అందులో న్యాయం కూడా ఉంది. రెండో కెమెరాలో ఆ క్షణం వెతకండి. గడియారాలు కలిపారు కాబట్టి అదే సెకనులో పక్కనే ఉంటుంది. షట్టర్ వేరు, కోణం వేరు కాబట్టి పట్టీ ఆ ఫ్రేమ్‌లో వేరే చోట పడి ఉండొచ్చు. అదీ లేకపోతే వీడియోవాళ్లని అడగండి. 4కే వీడియో ఒక ఫ్రేమ్ 3,840 బై 2,160 వస్తుంది, 12 అంగుళాల వెడల్పుకి 320 డీపీఐ. షీట్‌లో చిన్న ఫోటోగా పెట్టుకోవడానికి అది చాలు.